తేనీటి పరిమళము – దాని పూర్వకథ



నేడు నేను ముచ్చటింపనున్న విషయము రాజుల యుద్ధము గాదు, దేవాలయ శాసనము గాదు. ప్రతిదినము మన చేతిలోనికి వచ్చు టీ గ్లాసును గూర్చి చెప్పదలచితిని. ఇంత చిన్న వస్తువునకు చరిత్ర యేమని కొందరు నవ్వవచ్చును. కాని కదిరి చేలలో వేరుసెనగ కాయలు కోయు కూలి మనిషికిని, ధర్మవరమున మగ్గము ముందు కూర్చుండు నేతగానికిని, హిందూపురము మార్కెట్టులో బెల్లపు మూటలు మోయు హమాలీకిని దినమునకు రెండు మూడు మారులు ప్రాణము లేచివచ్చునట్లు చేయునది యిదియే. చాలీచాలని రాబడిలో ఒక పాలు దీనికే పోవుచున్నది. కావున దీనిని విచారించుట వ్యర్థము గాదు.

ఇటీవల మన అంగళ్ళలో ఉత్త టీపొడియే గాక, ఏలకుల టీ, అల్లపు టీ, తులసి టీ, నిమ్మ టీ యని పరిమళము చేర్చిన పొట్లములు వరుసగా వ్రేలాడుచున్నవి. ధర కొంచెమెక్కువ, బొమ్మలు మిక్కిలి యందము. వీనిలో ఏది కొనదగినది? పరిమళము మంచి ఆకునకు అలంకారమా, చెడ్డ ఆకునకు ముసుగా? ఈ ప్రశ్న మనకు క్రొత్తగా దోచును గాని, దీని వయస్సు పన్నెండు వందల యేండ్లు.

మొదట పేరును విచారింతము. చీనాదేశములో ఈ ఆకును వ్రాయు అక్షర మొక్కటే. దానిని కాంటను ప్రాంతమువారు ‘చా’ యనియు, ఫుకియెన్ తీరమువారు ‘తే’ యనియు పలుకుదురు. భూమార్గమున పారశీకము మీదుగా నడచి వచ్చిన పేరు ‘చాయ్’. డచ్చి వర్తకుల ఓడలెక్కి సముద్రముపై వచ్చిన పేరు ‘టీ’. తెలుగునాట రెండును నిలిచినవి: తెలంగాణమున చాయ్ అందురు, మన సీమలో టీ అందురు. ‘తే’ యను చీనాశబ్దమునకు ‘ఆకు’ అను మన మాట చేరగా, నడుమ యడాగమము వచ్చి ‘తేయాకు’ అయినది. పరదేశపు ఆకు మన వ్యాకరణమునకు లోబడి మన యింటి మాట యైనది. ‘తేనీరు’ అను మాటను కొందరు తేనెతో ముడిపెట్టుదురు. అందు తేనె లేదు; ఉన్నది ‘తే’ మాత్రమే.

ఈ ఆకు రాకముందు మన సీమవారు ఏమి త్రాగిరి? మనది వాన కరవైన నేల. అనంతపురము ప్రాంతమున ఏడాదికి సగటున కురియునది సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. తేయాకు చెట్టునకు దానికి రెండింతలకు మించిన వాన కావలెను. కాబట్టి ఆ చెట్టు మనకు చుట్టము గాదు. మన పెద్దలు ప్రొద్దుట రాగి అంబలియో, చల్లయో త్రాగి చేనికి పోయెడివారు. జలుబు చేసిన దినమున మిరియాలు, శొంఠి, ధనియాలు దంచి కషాయము కాచుకొనెడివారు. ఇక పరిమళమందురా, దానికి స్థానము తాంబూలము. 1443లో విజయనగరమునకు వచ్చిన పారశీక రాయబారి అబ్దుల్ రజాకును రాయలవారు తాంబూలముతోను కర్పూరముతోను గౌరవించిరి. 1565 నాటి తళ్ళికోట యుద్ధానంతరము మన పెనుకొండ ఆ రాజ్యమునకు రాజధాని యైనప్పుడును ఇంటికి వచ్చినవారికి మర్యాద తాంబూలమే. ఇప్పుడు ఆ మర్యాద టీ గ్లాసునకు దక్కినది. ఆకువక్కతో నుండిన ఏలకులును లవంగములును గ్లాసులోనికి దిగినవి. ఇది గమనింపదగిన విషయము: కషాయము కాచు విద్యయు, సుగంధద్రవ్యముల రుచియు మనకు ముందే కలవు. ఆకు ఒక్కటే బయటినుండి వచ్చినది.

ఆ ఆకు పుట్టినింటికి పోయి చూతము. చీనాలో ఎనిమిదవ శతాబ్దమున లూ యూ అను పండితుడు తేయాకును గూర్చి ఒక శాస్త్రగ్రంథము వ్రాసెను. ఆనాటి జనులు తేయాకుతో ఉల్లికాడలు, అల్లము, రేగుపండ్లు, నారింజ తొక్క, పుదీనా చేర్చి కాచెడివారు. లూ యూ దానిని సహింపక, అట్టి పానీయము కాలువలో పారబోయదగిన మురుగునీటితో సమానమని తెగడెను. ఆయన మాత్రము చిటికెడు ఉప్పు వేసికొనెడివాడు! ‘పరిమళము మేలా, కీడా’ అను వివాదమునకు ఇదియే తొలి ఘట్టము.

తరువాతి కాలమున అదే దేశమువారు పరిమళము పట్టించుటను ఒక కళగా మార్చిరి. తేయాకునకు ప్రక్కనున్న వాసనను పీల్చుకొను గుణము కలదు. మన వైద్యులు తేనెను యోగవాహి యందురు, అనగా తనతో గూడిన ద్రవ్యముయొక్క గుణమును మోసికొనిపోవునది. తేయాకు వాసన విషయమున అట్టిది. ఫుకియెన్ ప్రాంతమువారు సాయంకాలము కోసిన మల్లెమొగ్గలను ఆకుతో పొరలు పొరలుగా పరచి, రాత్రి యవి విచ్చునప్పుడు వెలువడు సుగంధమును ఆకునకు పట్టించి, మరునాడు వాడిన పూవులను ఏరివేయుదురు. మేలైన సరకునకు ఈ పని పలుమారులు చేయుదురు. మల్లెలు చాలవరకు పచ్చ తేయాకునకు చేరును. నల్ల తేయాకు పదునేడవ శతాబ్దమున ఆ దేశపు వూయీ కొండలలో వెలసెను. అచ్చటివారు దేవదారు జాతి కట్టెల పొగ పట్టించి వేరొక రుచి తెచ్చిరి.

ఇంగ్లండునకు పోగా ఆ కళయే కపటమునకును పనికివచ్చెను. ఇటలీ దేశపు దక్షిణమున బెర్గమోటు అను పండు కలదు. అది మన నారదబ్బకు చుట్టము. దాని తొక్క నూనె మంచి సువాసన. 1837లో లండనునందు ఒక వర్తక సంస్థ టీకి బెర్గమోటుతో కృత్రిమముగా వాసన పట్టించి సరఫరా చేసినదని న్యాయస్థానమున వ్యవహారము నడచెను. ఆ పరిమళమే తరువాత పెద్దమనుష్యుల పానీయమై, 1830 మొదలు 1834 వరకు ఆ దేశపు ప్రధానమంత్రిగా నుండిన గ్రే ప్రభువు పేరిట ‘ఎర్ల్ గ్రే’ యని ప్రసిద్ధి కెక్కెను. ఒకే వాసన ఒకచోట దొంగయు, మరొకచోట దొరయు నయినది. దోషము వాసనది గాదు. దాని వెనుక దాగిన ఆకుది.

ఇక మన దేశపు కథ. 1823లో రాబర్టు బ్రూసు అను స్కాట్లండువాడు అస్సాము అడవులలో సింగ్ఫో జాతివారివలన అచ్చటి తేయాకు చెట్టును గూర్చి తెలిసికొనెను. 1834లో గవర్నరు జనరలు బెంటింకు దీనికై ఒక సంఘమును నియమించెను. 1839 జనవరి 10న లండనులో 8 పెట్టెల అస్సాము టీ వేలమునకు వచ్చెను. దక్షిణమున నీలగిరులలో 1830 దశకమున పరీక్షగా నాటిన మొక్కలు 1850 దాటిన పిమ్మట తోటలైనవి. ఈ తోటలు ఊరకే పచ్చబడలేదు. మన గంజాము, విశాఖపట్టణము జిల్లాలనుండియు బీదలు కూలీలై అస్సామునకు పోయిరి. ఒప్పందము మీరిన కూలిని నేరస్థునివలె శిక్షించు 1859 నాటి చట్టము వారి మెడపై వ్రేలాడుచుండెను. వారి సంతతివారు నేటికిని అచ్చట నున్నారు. చౌకగా దొరకిన గ్లాసును ఎత్తునప్పుడు ఈ సంగతి మరువరాదు.

చిరకాలము ఆ పంట విదేశములకే పోయెను. 1903లో ఎగుమతియగు టీపై సుంకము విధించు చట్టము వచ్చెను. ఆ ధనముతో టీకి ప్రచారము సాగెను. 1930 ప్రాంతపు ఆర్థికమాంద్యమున సరకు అమ్ముడుపోక నిలిచిపోగా, తోటల యజమానుల చూపు మన దేశప్రజలపైకి మరలెను. రైలు స్టేషనులలో పలకలు వ్రేలాడదీసి, ఊరూర టీ కాచి ఉచితముగా పోసి, దానిని కాచు పద్ధతిని బోధించిరి. ధర్మవరమునుండి కదిరి మీదుగా పాకాలకు పోవు రైలుమార్గము పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకమునాటిది. రైలు పోయిన త్రోవనే టీ కూడ పోవుట దేశమంతట జరిగిన రీతి.

వారు బోధించిన పద్ధతి యొకటి, మనవారు చేసినది మరియొకటి. ఇచ్చట వైద్యశాస్త్రమును కొంచెము తలచుకొనవలెను. మన ఆయుర్వేదమున కషాయకల్పనలు ఐదు: స్వరసము, కల్కము, క్వాథము, హిమము, ఫాంటము. క్వాథమనగా ద్రవ్యమును పదియారు పాళ్ళ నీటిలో వేసి ఎనిమిదవ పాలు మిగులువరకు మరిగించుట. ఫాంటమనగా కాగిన నీటిని పొడిపై పోసి కొంతసేపు నాననిచ్చి వడగట్టుట. చీనావారును దొరలును నేర్పినది ఫాంటము. మనవారికి అలవాటైనది క్వాథము. అందుచే మన టీ అంగడివాడు ఆకును నీటితోను పాలతోను తెర్లగాచి, అల్లమును ఏలకులును దంచివేసెను. సుగంధము చేరినచో ఆకు తక్కువ పట్టునని ప్రచారకులు దీనిని మెచ్చలేదు. కాని జనులు వారి మాట వినలేదు. దొరల పానీయము అట్లు మన కషాయమై మనది యైనది.

ఆకు చౌక యగుటకు ఒక యంత్రము కారణము. 1930 ప్రాంతమున అస్సాములోని ఆంగూరీ తోటలో మెక్కెర్చరు అను అధికారి ఒక యంత్రమును కల్పించెను. అది ఆకును చిదిమి, చించి, గుండ్రని పలుకులుగా చుట్టును. ఇంగ్లీషులో ఆ మూడు పనుల మొదటి అక్షరములే ‘సీటీసీ’. ఈ పలుకులు త్వరగా రంగునిచ్చును. కొద్ది పొడికి ఎక్కువ గ్లాసులు వచ్చును. స్వాతంత్ర్యానంతరము ఇది దేశమంతట వ్యాపించెను. దక్షిణదేశమున మిక్కిలి సన్నని ‘డస్టు’ అను పొడికే గిరాకి. డస్టు అనగా అంగడి ఊడ్చిన దుమ్మని కొందరి భ్రమ. అది జల్లెడలో దిగిన సన్నపు రకము పేరు మాత్రమే. నేడు మన దేశమున ఏటా సుమారు 130 కోట్ల కిలోల తేయాకు పండుచున్నది; అందులో నూటికి ఎనుబది పాళ్ళు మనమే త్రాగుచున్నాము.

చరిత్ర ఇంతవరకు. ఇక పరీక్ష. ఉద్యోగవిరమణానంతరము నాకు తీరిక చిక్కినందున, అంగడిలో చౌకగా దొరకు చిన్న పొట్లములను తెచ్చి ఇద్దరు మిత్రులతో గూడి పోల్చి చూచితిని. ఒకరు వేరుసెనగ రైతు, ఒకరు మగ్గము మానిన నేతగాడు. తేయాకు పరీక్షకులకు 1980లో అంతర్జాతీయముగా ఏర్పడిన కొలత యున్నది: 100 మిల్లీలీటర్ల కాగిన నీటికి 2 గ్రాముల పొడి, మూత పెట్టి 6 నిమిషములు. పాలు, చక్కెర లేకుండ మొదట అట్లే రుచి చూచితిమి. పిదప మన అలవాటు చొప్పున మరిగించి, పాలు పోసి చూచితిమి. అన్నిటికి ఒకే నీరు వాడితిమి. ఏలయనగా మన బోరునీటిలో సున్నపు పాలెక్కువ, దానిచే టీపై పొరగట్టి రుచి మందగించును.

రుచులను షడ్రసములతో కొలిచితిని. తేయాకు సహజముగా వగరు, దానివెంట కొంచెము చేదు. అల్లము చేర్చిన కారము, నిమ్మ చేర్చిన పులుపు, బెల్లము చేర్చిన తీపి. కాశ్మీరమువారు ఉప్పు కూడ వేయుదురు గనుక భారతదేశపు టీలో ఆరు రసములును నిండినవి.

ఉత్త పొడి, నీలగిరి రకము: రంగు తేట, వగరు మితము, తనదైన పూలవాసన కొద్దిగా కలదు. దేనికైనను ఇదియే గీటురాయి.

ఏలకుల పొట్లము: విప్పగానే ఇల్లంతయు ఘుమఘుమ. ఫాంటముగా చేసినప్పుడు వాసన నిలిచెను. పాలతో ఐదు నిమిషములు మరిగింపగా ఆవిరితో ఎగిరిపోయెను. మా రైతు గ్లాసు దించి, “అయ్యవారూ, వాసన ముక్కుకాడనే నిల్చిపాయె, నాలిక మీదికి రానేలేదు” అనెను. ఆ మాటలో శాస్త్రమున్నది. ఏలకుల వాసన ఎగిరిపోవు తైలము; అది మరుగునకు ఓర్వదు.

అల్లపు పొట్లము: ఇందున్నది శొంఠిపొడి. దీని కారము మరిగినను చెడదు, పాలలోను నిలుచును. క్వాథమునకు తగినది ఇదియే. అయినను పచ్చి అల్లము దంచివేసిన దానికి సాటిరాదు. పచ్చి అల్లమును ముందు నీటిలోనే మరిగింపవలెను. నేరుగా పాలలో వేసిన పాలు విరుగును.

తులసి మొదలగు మూలికలు కలిపినది: పాలు లేకుండ హాయిగా నుండెను. పాలు పోయగా రంగు పలుచన. పొట్లముపై ద్రవ్యముల పేర్లు బరువునుబట్టి పెద్దదానినుండి చిన్నదానికి వరుసగా వ్రాయవలెనని నిబంధన కలదు. ఆ వరుస చదివినచో దేనికి ఎంత ధర పెట్టుచున్నారో మీకే తెలియును.

నిమ్మవాసన పొట్లము: పాలతో ఎంతమాత్రము పొసగలేదు. ఉత్త డికాషనులో నాలుగు చుక్కల నిమ్మరసము పిండుట దీనికంటె మేలు. పులుపు తగులగనే నల్లని రంగు బంగారు ఛాయకు తిరుగుట చూచుటకు కూడ వేడుక. బెంగుళూరునుండి తెప్పించిన బెర్గమోటు పొడియు ఇట్లే. పాలు లేనప్పుడు నారదబ్బ తొక్క గిల్లినట్లు సువాసన, మరిగించినచో చేదు. మా నేతగాడు దానిని త్రాగి, “బాగుంది గానీ అయ్యవారూ, మగ్గం గుంతలో కూర్చున్నోనికి ఇది ఊపిరి పోయదు” అనెను.

దీనివలన తేలినదేమి? పరిమళము మంచిదో చెడ్డదో అని విడిగా తీర్పు చెప్పరాదు. నీవు కాచునది క్వాథమా, ఫాంటమా యని ముందు చూచుకొనవలెను. శొంఠి, అల్లము, మిరియము, దాల్చినచెక్క మరుగునకు నిలుచును. ఏలకులు, తులసి, నిమ్మ, బెర్గమోటు నిలువవు. మనయిండ్లలో పాలతో మరిగించు టీకై ఏలకుల వాసనగల పొట్లమునకు అధిక ధర పెట్టుట పొయ్యిమీది ఆవిరికి పైకము చెల్లించుటయే. పావుకిలో పొడికి, గ్లాసునకు 2 గ్రాముల చొప్పున, 125 గ్లాసులు వచ్చును. మంచి ఉత్తపొడి కొని, దించుటకు ముందు ఒక ఏలకకాయ చిదిమివేసి మూతపెట్టినచో నాలుగు గ్లాసులకు చాలును. బెల్లము వాడువారు దించిన పిదప వేయవలెను. లేనిచో పాలు విరుగును.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి. విడిగా తూచి యమ్ము అతిచౌక పొడిలో ఒకమారు వాడి యెండబెట్టిన పిప్పియు, జీడిపప్పు పొట్టు వంటివియు, వానికి పూసిన కృత్రిమపు రంగును ఉండవచ్చును. ఈ రంగులు దేహమునకు హాని. టీపొడికి రంగు వేయుట చట్టవిరుద్ధము. కల్తీపై 1954లో ఒక చట్టమును, 2006లో ఆహారభద్రతా చట్టమును వచ్చినవి. కాని అధికారి ప్రతి పల్లెకును రాలేడు. పరీక్ష మీ యింటనే కలదు. తెల్లని వడపోత కాగితముపై కొంచెము పొడి చల్లి నీరు చిలుకరింపుడు. తరువాత పొడి తీసివేసి కాగితమును కడిగి వెలుతురున చూడుడు. రంగుమరకలు నిలిచిన ఆ పొడి పనికిరాదు. చన్నీటిలో వేయగనే గాఢమైన రంగు దిగినను అనుమానింపవలెను. మంచి పొడి చన్నీటిలో మెల్లగా దిగును. అయస్కాంతమును త్రిప్పినచో ఇనుపరజను అంటుకొని బయటపడును. రంగే బలమని భ్రమించు బీదవానినే ఈ మోసము ముందు పట్టును. ముక్కును వాసనయు, కంటిని రంగును మోసగింపవచ్చును. నాలుకను మోసగించుట కష్టము. అందుచే ఉత్త ఆకును, పాలు చక్కెరలు లేకుండ, ఒకమారు రుచి చూచి కొనవలెను.

మహాత్మాగాంధి చెరసాలలో నుండి 1942లో వ్రాయ మొదలిడిన ఆరోగ్యగ్రంథమున టీ అవసరము లేదనియు, ఆకును మరిగించినచో అందలి వగరు పదార్థము హానియనియు హెచ్చరించెను. ఆ వగరు మన అన్నములోని యినుము రక్తమునకు చేరకుండ అడ్డుపడునని నేటి శాస్త్రమును ఒప్పుకొనుచున్నది. మన పల్లెలలో రక్తహీనతతో బాధపడు ఆడువా రెందరో కలరు. కావున భోజనమునకు ముందు ఒక గంట, తరువాత ఒక గంట టీ ముట్టకుండుట మేలు. పసిపిల్లలకు పాలకు మారుగా టీ పోయరాదు. ఆకలి చంపుకొనుటకు టీ త్రాగు కూలివానికి ముందు అంబలి యిచ్చి, పిదప టీ ఇచ్చుట ఆసామి ధర్మము.

పెద్దలారా, మీ మాటకు ఊరిలో విలువ కలదు. టీ అంగడివాడు ఏ పొడి వాడుచున్నాడో అడుగుడు. ఒక చిటికెడు తెప్పించి కాగితముపై చల్లి నలుగురి యెదుట చూపుడు. వాడును మనవాడే, మంచి సరకు కొనువా రున్నచో వాడు మంచిదే తెచ్చును. పండ్రెండు వందల యేండ్లనాడు లూ యూ పరిమళముపై కోపగించెను. మనము కోపగింపనక్కర లేదు. ఆకు మంచిదైనచో అల్లమును ఏలకులును దానికి ఆభరణములు. ఆకు చెడ్డదైనచో ఎంత సుగంధమైనను అది మురుగునకు పూసిన గంధమే. ఈ వివేకము మన వంటయింట నిలిచినచో చాలును.